గ్రాము మేతకు పిడికెడు పాచి

"సార్, మూడు సార్లు గీకిన. మూడు దినాలు దుప్పటి కప్పి చీకట్ల పెట్టిన. మల్ల వచ్చింది."

నా పాత విద్యార్థి ఫోన్‌లో ఇలా మొదలుపెడితే ఏదో చర్మరోగం అనుకున్నాను. కాదు, హనుమకొండలో వాళ్ల ముందుగదిలో ఉన్న ఉప్పునీటి అక్వేరియం సంగతి. సముద్రం రెండొందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఊళ్లో, 200 లీటర్ల సముద్రాన్ని గాజుపెట్టెలో పెట్టుకున్నాడు. చూద్దామని వెళ్లాను.

రాళ్ల నిండా పాచి, ఆకుపచ్చ జుట్టులా. పంపు విసురుకు దువ్వినట్టు ఒకే పక్కకు వాలి ఉంది. మధ్యలో రెండు మెత్తటి పగడాలు ముడుచుకుని కూర్చున్నాయి. నారింజ రంగు చేప ఒకటి ఆ జుట్టులోంచి తల బయటపెట్టి, నన్ను చూసి మళ్లీ దూరింది. స్టాండుకు నిమ్మకాయ, ఏడు పచ్చిమిరపకాయలు వేలాడుతున్నాయి. "అమ్మ కట్టింది సార్, దిష్టి తగిలిందట" అన్నాడు సిగ్గుపడుతూ. నిమ్మకాయతో నష్టమేం లేదు, నీళ్లలో పడనంతవరకు. వాస్తు కోసం పెట్టెను ఈశాన్యం మూల కిటికీ పక్కన పెట్టారు. పొద్దుటెండ నేరుగా తగులుతోంది. అయినా ఎండను తిట్టబుద్ధి కాలేదు. పాచికి పైనున్న నీలం లైట్లే చాలు.

ముందు పగడాలు ఎక్కడివని అడిగాను. మన తీరంలోని రాతిపగడాలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులికున్న మొదటి షెడ్యూలే వర్తిస్తుంది. వీడివి మెత్తటి రకం, పెంపకంలో ముక్కలు చేసి అమ్మేవి. ఊపిరి పీల్చుకున్నాను.

ఉప్పు ఎంత కలపాలి, పంపు ఎన్ని లీటర్లది, ఇవన్నీ డబ్బాల మీద రాసి ఉంటాయి, నాకు విసుగు. నాకు పిచ్చి పట్టించేది పాచికి ఎరువయ్యే భాస్వరం లెక్క.

"మేత ఎంత వేస్తున్నావ్?"

"చిటికెడే సార్. పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి."

ఉప్పు తూచే చిన్న కాంటా మీద ఆ చిటికెడు వేయించాను. అర గ్రాము. అంటే రోజుకు గ్రాము. ఎండు మేతలో భాస్వరం నూటికి ఒక వంతు అనుకుందాం. చేపపొడితో చేసేది కనుక, అందులో ఎముకలూ ఉంటాయి కనుక, నిజానికి కాస్త ఎక్కువే ఉండొచ్చు. గ్రాముకు 10 మిల్లీగ్రాములు. టెస్ట్ కిట్టు దాన్ని ఫాస్ఫేటుగా చూపిస్తుంది. భాస్వరానికి నాలుగు ఆక్సిజన్లు అతుక్కుంటే బరువు మూడింతలై 30 మిల్లీగ్రాములవుతుంది. 200 లీటర్లకు పంచితే లీటరుకు 0.15 మిల్లీగ్రాములు. పగడాల పెట్టెలో మనం కోరుకునేది 0.03కు 0.1కి మధ్య. మధ్యలో ఎవరూ పట్టుకోకపోతే ఒక్కరోజు మేతే గీత దాటిస్తుందన్నమాట. ఎదిగిన చేప ఒంట్లో నిలబెట్టుకునేది కొంచెమే. మిగతాదంతా రెట్టగా, మూత్రంగా నీళ్లలోకే వస్తుంది.

"వారంవారం 20 లీటర్లు మారుస్త గద సార్?" అన్నాడు. లీటరుకు 0.1 ఉన్న నీళ్లు 20 లీటర్లు తీసేస్తే పోయేది 2 మిల్లీగ్రాములు. వారమంతా వేసింది 210.

"మరి కిట్టు 0.02 చూపిస్తుంది?"

పదిమంది తిని లేచిన తర్వాత గిన్నె చూసి, ఈ ఇంట్లో ఇవాళ అన్నమే వండలేదు అనుకున్నట్టుంది ఇది. కిట్టుకు తెలిసేది నీళ్లలో మిగిలింది మాత్రమే. వచ్చింది వచ్చినట్టే జుట్టు తినేస్తోంది.

ఇక ఖర్చు వైపు చూద్దాం. సముద్రంలో తేలే సూక్ష్మజీవుల ఒంట్లో కార్బన్, నత్రజని, భాస్వరం 106:16:1 పాళ్లలో ఉంటాయన్న లెక్కకు 1934లో ఆల్ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ పునాది వేశాడు. రాళ్లకు అతుక్కుని పెరిగే నాచులు ఇంకా పొదుపరివి. 1983లో అట్కిన్సన్, స్మిత్ లెక్కకట్టిన పాళ్లు 550:30:1. పరమాణువుల లెక్కను బరువులోకి మారిస్తే 6,600 పాళ్ల కార్బన్‌కు 31 పాళ్ల భాస్వరం. ఎండు పాచిలో నూటికి ముప్పై కార్బన్ అనుకుంటే, గ్రాముకు 1.4 మిల్లీగ్రాముల భాస్వరం తేలుతుంది. రోజూ లోపలికి వచ్చే 10 మిల్లీగ్రాములు బయటికి పోవాలంటే 7 గ్రాముల ఎండు పాచి తీయాలి. పిండిన పాచిలో కూడా పదింట తొమ్మిది వంతులు నీళ్లే కనుక అది 70 గ్రాములు. అంటే గ్రాము మేతకు పిడికెడు పాచి. భాస్వరం దండిగా దొరికిన చోట నాచు ఇంకొంచెం దాచుకుంటుంది, లెక్క కాస్త సడలుతుంది, అంతే.

"గీకింది ఎటు వేసినవ్?"

"ఫిల్టర్‌లకు పోతది గద సార్."

అక్కడే ఉంది కిటుకంతా. గీకినా, దుప్పటి కప్పి చంపినా, పాచి పెట్టెలోనే కుళ్లింది. దాంట్లో ఉన్న భాస్వరం మళ్లీ నీళ్లలోకి వచ్చి కొత్త పాచికి ఎరువైంది. పిల్లలకు యూట్రోఫికేషన్‌కు, అంటే నీళ్లలో ఎరువు ఎక్కువై పాచి కమ్మేయడానికి, నిర్వచనం బట్టీ పట్టిస్తాం. చెరువుగట్టు మీదికి తీసుకెళ్లి, చచ్చిన గుర్రపుడెక్క ఎక్కడికి పోతుందో అడగం. వీడికి పాఠం చెప్పింది నేనే, ఆ పాపం నాదీ.

ఈ లోపు వాళ్లమ్మ చాయ్ తెచ్చింది. "మడికి నీళ్లు పారేకాడ మైలుతుత్తం మూట కట్టి పెడితె పోతుండె సారూ. వీడు వింటలేడు." కప్పు చేతిలోంచి జారబోయింది. వరిమడిలో నాచుకు అది సరైన మందే. ఇక్కడ మాత్రం ఆ రాగి పాచితోపాటు నత్తలనూ రొయ్యలనూ పగడాలనూ చంపుతుంది.

కానీ రాగి సంగతి ఆమెకు చెప్పినంత సులువుగా తర్వాతి సంగతి వాడికి చెప్పలేకపోయాను. కొట్లో అమ్మే సరుకొకటి కూడా తెచ్చి పెట్టాడు వీడు, ఫాస్ఫేటును పట్టుకునే గోధుమరంగు గుళికలు. అవి ఐరన్ ఆక్సైడ్, మామూలు మాటల్లో తుప్పు. మన ఎర్ర చెల్కల్లో వేసిన డీఏపీలో కొంత భాస్వరం ఇనుముకు అంటుకుని పైరుకు అందకుండా పోతుందే, అదే పని డబ్బాలో. రెండు రోజుల్లో నీళ్లు శుభ్రం. వారం తిరిగేసరికి మళ్లీ మామూలే. ఎందుకంటే పెట్టెలోని రాళ్లు కాల్షియం కార్బొనేట్. ఏడాదిగా ఎక్కువైన ఫాస్ఫేటంతా వాటి ఒంటికి అంటుకుని ఉంది. నీళ్లలో తగ్గగానే రాయి కొంత వదులుతుంది, ఇంకా తగ్గితే ఇంకొంత. "చెరువు పూడిక లెక్కనా?" అంది ఆమె. అచ్చంగా అంతే. మిషన్ కాకతీయలో రైతులు ట్రాక్టర్లతో పూడికమట్టి పొలాలకు తోలుకున్నది దానిలో ఎరువు ఉందనే. 2024 చివర్లో వరంగల్ భద్రకాళి చెరువు ఖాళీ చేసింది కూడా పూడిక తీయడానికే. చెరువు అడుగున ఆక్సిజన్ అయిపోతే ఇనుము రూపం మారి పట్టుకున్న భాస్వరాన్ని వదిలేస్తుంది, ఇక్కడ వదిలేది సున్నపురాయి. రసాయనం వేరు, బాకీ ఒకటే. పాత బాకీ తీరేదాకా, నెలల తరబడి, మేత ఆపినా పాచి వస్తుంది.

తొందరపడి ఫాస్ఫేటును సున్నాకు దించితే ఇంకో తంటా. పగడాలు పస్తుంటాయి, నురగ బుడగలతో గోధుమరంగు జిగురు రాళ్లను కమ్ముతుంది. అది డైనోఫ్లాజెల్లేట్లు అనే ఏకకణ జీవుల గుంపు. తమాషా ఏమిటంటే, పగడం ఒంట్లో ఉండి దానికి అన్నం పెట్టే జీవి కూడా ఆ వంశానిదే.

ఇంత చెప్పాక నా లెక్కకు లొంగని సంగతి ఒకటి చెప్పకపోతే మోసం. 1983లో పనామా దగ్గర మొదలైన రోగంతో కరేబియన్ సముద్రంలో నాచు మేసే నల్లముళ్ల డయాడెమా అర్చిన్లు, అంటే ముళ్లబంతుల్లాంటి సముద్రజీవులు, నూటికి తొంభైకి పైగా చచ్చిపోయాయి. తర్వాత జమైకా పగడపు దిబ్బలను నాచు కప్పేసింది. మేసే నోరే లేకుండా పోయింది. అందుకే నాలుగు టర్బో నత్తలు తెచ్చుకోమన్నాను. నత్త తిన్నది మళ్లీ అక్కడే రెట్ట వేస్తుంది, అది లెక్క తీర్చదు. కానీ జుట్టు పొట్టిగా ఉంటే పగడానికి వెలుగు అందుతుంది.

వాడికి అసలు పని ఇది: రాళ్లు ఒక్కొక్కటి బకెట్లోకి తీసి, పాత ట్యాంకు నీళ్లలోనే పాచి పీకి, ఆ నీళ్లు పారబోయడం. పక్కన చిన్న పెట్టెలో కీటోమార్ఫా అనే పీచునాచు రాత్రంతా లైటు కింద పెంచి, వారానికోసారి కోసెయ్యడం. పాచి ఎలాగూ పెరుగుతుంది, అదేదో మనం చెప్పిన చోట పెరగనీ. ఇంకొకటి, బోరునీళ్లు వద్దు. ఏకశిల మీద కట్టిన ఊరు మనది. గ్రానైటులోంచి వచ్చే నీళ్లలో సిలికా ఉంటుంది. ఇంటి ఆర్‌ఓ దాటి వచ్చిన కాస్త సిలికా కూడా డయాటంలనే సూక్ష్మ నాచులకు గాజు చొక్కాలు కుట్టిస్తుంది, గోడలకు గోధుమరంగు పొడి పడుతుంది. ఆర్‌ఓ తర్వాత ఆ సిలికాను పట్టుకునే రెజిన్ గొట్టం పెట్టాల్సిందే.

మేత సగం చేశాడు. రెండు నెలలైంది. నిన్న ఫోన్‌కు ఫొటో వచ్చింది: కాంటా మీద పిండిన ఆకుపచ్చ ముద్ద. కింద రాశాడు: "రోజుకు 35 చాలన్నరు. 50 వస్తుంది సార్. పదిహేను రాళ్లవే గద?"