గట్టిగా లాగితేనే నీట్‌గా వస్తుందా? ఊలు అల్లిక కొత్తగా నేర్చుకునేవాళ్ళ అపోహలు - వాస్తవాలు

మొన్న క్లాసుకి కొత్తగా చేరినావిడ సంచిలోంచి సూదులు తీసి నా చేతిలో పెట్టి, "అక్కా, నా చేతులు దీనికి పనికిరావేమో, వదిలేద్దామనుకుంటున్నా" అంది. చూస్తే 12 వరసలు అల్లింది, 13వ వరస సగంలో సూది దూరట్లేదు. నేను ప్రయత్నించినా దూరలేదు. కుట్లన్నీ సూదిని కరుచుకుని కూర్చున్నాయి, బొటనవేలితో తోస్తే ఒక్కటీ కదల్లేదు. ప్రతి కుట్టుకీ దారం లాగి బిగించమని ఎవరైనా చెప్పారా అని అడిగా. అవునంది, అలా బిగిస్తేనే నీట్‌గా వస్తుందన్నారట.

ఈ మాట ఎవరు పుట్టించారో గానీ, నేను నేర్పడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి వింటూనే ఉన్నా. మధ్యలో మానేసినవాళ్ళని కదిపితే చాలాసార్లు దీని దగ్గరే తేలుతుంది. అందుకే ఈ రోజు ముందు దీని సంగతి చూద్దాం, మిగతావి తర్వాత.

అపోహ: ఎంత గట్టిగా లాగితే అల్లిక అంత నీట్‌గా వస్తుంది.

వాస్తవం: కుట్టు ఎంత సైజు రావాలో సూది లావే చూసుకుంటుంది. 5 మి.మీ. సూది తీసుకున్నామంటే ప్రతి లూపూ ఆ లావు చుట్టూ తేలిగ్గా కూర్చోవాలనే కదా తీసుకున్నాం, మళ్ళీ దాని మీద మనం లాగి బిగించడం దేనికి? నీట్‌గా కనిపించేది కుట్లన్నీ ఒకే సైజులో ఉన్నప్పుడు. బిగుతుకీ దానికీ సంబంధం లేదు. లాగేవాళ్ళకి ఇంకా ఎగుడుదిగుడుగా వస్తుంది, ఎందుకంటే ఒక కుట్టు లాగినంత బలంగా ఇంకో కుట్టు లాగలేం, పది నిమిషాలయ్యాక వేళ్ళు అలిసిపోతే అసలే లాగలేం.

నమ్మకం లేకపోతే మీ టీషర్టు అంచు పట్టుకుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూడండి. బయటివైపు చిన్న చిన్న 'వి' ఆకారాలు ఒకదాని కింద ఒకటి నిలువుగా దిగుతుంటాయి, తిప్పి చూస్తే లోపల అడ్డంగా గడ్డల్లాంటివి కనిపిస్తాయి. మీరు నేర్చుకుంటున్న నిట్ (ఆ 'వి'లు), పర్ల్ (ఆ గడ్డలు) కుట్లు అవే. 1589లో ఇంగ్లండ్‌లో విలియం లీ మేజోళ్ళు అల్లే యంత్రం కనిపెట్టిన దగ్గర్నుంచి మెషిన్లు వేస్తున్నదీ ఇదే కుట్టు. మెషిన్ పని అంత చక్కగా కనిపిస్తుందంటే ప్రతి లూపుకీ ఒకే పొడవు దారం ఇస్తుంది కాబట్టి. ఇప్పుడు ఆ టీషర్టుని అడ్డంగా లాగండి, సాగింది కదా. నూలు దారం తనంతట తను సాగదు, వంపు తిరిగిన లూపు కాస్త తిన్నగా అవుతుంది, బట్ట సాగుతుంది. మీరు లూపుని బిగించేస్తే తిన్నగా అవడానికి అందులో ఇంక వంపు మిగలదు. స్వెట్టర్ వేసుకోవాలంటే ఆ సాగుడే కావాలి మరి.

నా మొదటి స్వెట్టర్ మా అక్క కొడుక్కి అల్లా, వాడికప్పుడు రెండేళ్ళు. నెల రోజులు కూర్చుని అల్లి, మెడ దగ్గర మాత్రం వదులైపోతుందేమోనని భయపడి బైండ్ ఆఫ్ (ఆఖర్న కుట్లు మూసేయడం) చేసేటప్పుడు ప్రతి కుట్టూ బిగించుకుంటూ పోయా. వాడికి వేస్తే మెడ తలలోంచి దిగలేదు, నుదుటి దగ్గర ఆగిపోయింది, వాడు ఊపిరాడనట్టు ఒకటే ఏడుపు, మా అక్క గబగబా పైకి లాగేసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నిజానికి విప్పాల్సింది ఆ ఒక్క వరసే, ఇంకాస్త లావు సూదితో వదులుగా మళ్ళీ బైండ్ ఆఫ్ చేస్తే సరిపోయేది, అది చెప్పేవాళ్ళు లేక స్వెట్టర్ మొత్తం విప్పేశా.

మరి బిగుతు ఎక్కడ పుడుతోంది? లాగడం ఒక్కటే కారణం కాదు, చాలామందికి సూది మొన దగ్గరే ఉంటుంది అసలు సమస్య. సూది చివర సన్నగా ఉంటుంది కదా, దారం అక్కడే చుట్టి కుట్టు అక్కడే పూర్తి చేస్తే ఆ లూపు మొన సైజులోనే తయారవుతుంది, దాన్ని తర్వాత లావు భాగం మీదికి తోస్తే బిగుసుకోక ఏం చేస్తుంది. కుడిచేతి సూదిని ఇంకొంచెం లోపలికి పోనిచ్చి, లావు మొదలైన చోట దారం చుట్టండి. క్లాసుకొచ్చిన ఆవిడకి నేను చెప్పింది ఇదొక్కటే. ఇంకో అలవాటు కూడా చేసుకోండి, వరస పూర్తవగానే కుట్లన్నిటినీ బొటనవేలితో తోసి చూడండి, సూది మీద తేలిగ్గా జారాలి. జారకపోతే భుజాలు కిందికి దించి, పట్టు సడలించి తర్వాతి వరస వేయండి.

కాస్ట్ ఆన్ (సూది మీద మొదటి కుట్లు ఎక్కించడం) దగ్గర కూడా ఇదే. రెండు సూదులు కలిపి పట్టుకుని కాస్ట్ ఆన్ చేస్తే వదులుగా వస్తుందని చెప్తారు, కానీ దాంతో లూపుల ఎత్తు పెరుగుతుంది తప్ప అంచు పెద్దగా సాగదు, ఎందుకంటే అంచు సాగాలంటే కుట్టుకీ కుట్టుకీ మధ్య దారం ఉండాలి. ఒక్క సూదితోనే వేస్తూ ప్రతి కుట్టుకీ మధ్య కొంచెం ఖాళీ వదలండి.

లెక్క కూడా చూడండి. ప్యాటర్న్‌లో 10 సెం.మీ.కి 20 కుట్లు అని ఉందనుకోండి, ఛాతీ చుట్టూ 100 సెం.మీ. రావాలంటే 200 కుట్లు వేస్తాం. మీరు బిగించి అల్లి 10 సెం.మీ.లో 24 కుట్లు ఇరికిస్తే అవే 200 కుట్లు 83 సెం.మీ. దగ్గర ఆగిపోతాయి. 17 సెం.మీ. తేడా! శాంపిల్ ముక్క అల్లి, ఉతికి, ఆరాక కొలవమని మొత్తుకునేది ఇందుకే. కుట్లలో చిన్న చిన్న హెచ్చుతగ్గులు కూడా ఆ ఉతుకులో చాలావరకు సర్దుకుంటాయి, వాటి కోసం బెంగ పెట్టుకోకండి.

వేళ్ళు నొప్పి పుడితే "అలవాటైపోతుందిలే" అనే సలహా కూడా దయచేసి వినకండి. నొప్పి వస్తే ఆపండి, చెయ్యి దులుపుకోండి, పట్టు చూసుకోండి.

ఇక మిగతావి.

"20 కుట్లతో మొదలుపెట్టా, 27 అయ్యాయి, నాకు లెక్క కూడా రాదా" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళని చూశా. లెక్క బాగానే వచ్చు. వరస మొదట్లో దారం సూది మీదుగా వెనక్కి లాగితే మొదటి కుట్టు రెండు కాళ్ళూ పైకి లేచి రెండు కుట్లలా కనిపిస్తుంది, మీరు రెంటిలోనూ అల్లేస్తారు. దారాన్ని సూది కిందుగా వెనక్కి తీసుకెళ్ళండి. అంచుల్లో కాకుండా మధ్యలో చిల్లులతో పెరుగుతుంటే మాత్రం నిట్ వేసేటప్పుడు దారం ముందువైపే ఉండిపోతోందన్నమాట.

అంచులు చుట్టుకుపోతున్నాయంటే మీ అల్లిక బాలేదని కాదు. ఒకవైపు నిట్, ఒకవైపు పర్ల్ వేసిన బట్ట ఎవరు అల్లినా చుట్టుకుంటుంది, దాని స్వభావమే అంత, మీ టీషర్టు కత్తిరించినా అదే జరుగుతుంది. మొదటి మఫ్లర్ అన్ని వరసలూ నిట్‌తోనే వేయండి, పరుచుకుని ఉంటుంది.

ఎడమచేతివాటం వాళ్ళకి రాదనేది వట్టి పుకారు. ఇందులో రెండు చేతులూ పని చేస్తాయి, చాలామంది ఎడమచేతివాటం వాళ్ళు అందరిలాగే అల్లేస్తారు. ముందు క్రోషా (కొక్కెం సూదితో అల్లడం) వచ్చి తీరాలనేదీ అంతే, అది వేరే విద్య.

సూది నంబర్ నమ్ముకోకండి. 8 నంబర్ అంటే పాత బ్రిటిష్ లెక్కలో 4 మి.మీ., అమెరికా లెక్కలో 5 మి.మీ., పైగా బ్రిటిష్ లెక్కలో నంబర్ పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. ఎప్పుడైనా మి.మీ. చూసే తీసుకోండి. ఊలు మొదట్లో లేత రంగుది, నున్నటిది, మరీ సన్నం కానిది తీసుకోండి, నల్లరంగులో నూగు నూగుగా ఉండేది తీసుకుంటే కుట్టు ఎక్కడుందో నాకే కనిపించదు.

ఆఖరుగా, తప్పు పడితే అంతా విప్పాలనే భయం. కుట్టు జారితే నిచ్చెనలా మెట్లు కనిపిస్తాయి, క్రోషా సూదితో ఒక్కో మెట్టునీ లూపులోంచి పైకి లాగుతూ వస్తే సరిపోతుంది. మరీ భయమైతే సరిగ్గా వచ్చిన వరస దగ్గర కుట్లన్నిట్లోంచి వేరే రంగు సన్న దారం ఒకటి గుచ్చి వదిలేయండి, పైన ఎంత విప్పినా అక్కడికొచ్చి ఆగుతుంది. ఆవిడకి అలా ఎర్రదారం ఒకటి గుచ్చి ఇచ్చి పంపించా, వారం తర్వాత వచ్చినప్పుడు దాని పైన 30 వరసలున్నాయి, బొటనవేలితో తోస్తే అన్నీ జారాయి.