డ్రిప్ పెట్టినంత మాత్రాన నదికి నీరు మిగలదు: సాగునీటిపై అపోహలు, వాస్తవాలు

సాగునీటి లెక్కలు వేయడం నా పని. ఈ పనిలో తరచూ వినపడే మాటల్లో పూర్తి అబద్ధాల కంటే సగం నిజాలే ఎక్కువ నష్టం చేస్తాయి. మనుషులు నదుల నుంచి, భూగర్భం నుంచి తీసుకునే మంచినీటిలో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 70 శాతం వ్యవసాయానికే పోతోంది కాబట్టి, ఇక్కడ లెక్క తప్పితే పంటా నదీ రెండూ దెబ్బతింటాయి.

అపోహ: డ్రిప్ పెడితే ఆదా అయిన నీరంతా నదికి మిగులుతుంది.

వాస్తవం: చేనుకు పెట్టిన నీటిలో కొంత ఆకుల నుంచి, నేల నుంచి ఆవిరైపోతుంది, అది ఆ నదికి ఇక దక్కదు. మిగతాది భూమిలోకి ఇంకి, మురుగు కాలువల్లోకి జారి, కింది ఊళ్ల బావుల్లోనో మళ్లీ నదిలోనో తేలుతుంది. డ్రిప్ తగ్గించేది ఎక్కువగా ఈ రెండో భాగాన్నే. రోజుకు 5 మిల్లీమీటర్లు ఆవిరి చేసే పంట హెక్టారుకు 50,000 లీటర్లు గాల్లోకి పంపుతుంది, పైపు మార్చినంత మాత్రాన ఆ దాహం పెద్దగా తగ్గదు. పైగా చేతిలో నీరు మిగిలింది కదా అని రైతు ఇంకో రెండెకరాలు వేస్తాడు, అది ఆయన తప్పు కానే కాదు, ఎవరైనా అదే చేస్తారు, కానీ నదికి చేరేది మునుపటికంటే తగ్గుతుంది. వివిధ దేశాల అనుభవాలు పరిశీలించి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) 2017లో ఇచ్చిన నివేదిక కూడా దాదాపు ఇదే చెప్పింది. డ్రిప్ వద్దని నేననను. ఎరువు, కరెంటు కలిసొస్తాయి, ఇంకిన నీరు ఉప్పునీటిలో కలిసిపోయే చోట అయితే ఆదా నిజమైన ఆదానే. కాకపోతే మొత్తం వాడకానికి ఒక హద్దు పెట్టకుండా సబ్సిడీ ఒక్కటే ఇస్తే నదికి ఒరిగేదేమీ ఉండదు.

అపోహ: వరి మడిలో ఎప్పుడూ నీరు నిలబడే ఉండాలి.

వాస్తవం: అక్కర్లేదు. చిల్లుల గొట్టం ఒకటి మడిలో పాతి, అందులో నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల కిందకు దిగాక మళ్లీ తడి ఇవ్వొచ్చు. పూత సమయంలో మాత్రం నీరు నిలపాలి. పెట్టే నీరు 30 శాతం దాకా తగ్గుతుంది, మడి నుంచి వెలువడి భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు కూడా బాగా తగ్గుతుంది. అయితే ఇక్కడా తగ్గేది ఎక్కువగా ఇంకే నీరే, కాబట్టి పైన చెప్పిన లెక్కే దీనికీ వర్తిస్తుంది.

అపోహ: సముద్రంలో కలిసే నీరంతా వృథా.

వాస్తవం: ఈ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. డెల్టాకు ఒండ్రు తెచ్చేది, ఉప్పునీరు పైకి ఎగదన్నకుండా ఆపేది, చేపలు గుడ్లు పెట్టే చోట్లను బతికించేది ఆ నీరే. 1960ల నుంచి మధ్య ఆసియాలో అము దర్యా, సిర్ దర్యా నదులను ప్రధానంగా పత్తి కోసం మళ్లించడంతో అవి చేరే అరల్ సముద్రం చాలావరకు ఎండిపోయింది, ఎండిన అడుగు నుంచి లేచిన ఉప్పు దుమ్ము చుట్టుపక్కల పొలాల మీదే పడింది. అంటే సాగు కోసం ఆపిన నీరు చివరికి సాగునే దెబ్బతీసింది.

అపోహ: ఏడాదికి ఇంత శాతం అని నదికి వదిలేస్తే సరిపోతుంది.

వాస్తవం: పంటకు పొట్ట దశలో ఇవ్వాల్సిన తడి కోత అయ్యాక ఇస్తే ఏం లాభం? నదికీ అంతే. నీరు పెరగడం చూసి కదిలే చేపలున్నాయి, వరద నీరు పక్క మడుగుల్లోకి ఎక్కి మెల్లగా దిగాలి, గేట్లు ఒక్కసారిగా దించేస్తే ఆ చేపలన్నీ ఒడ్డున చిక్కుకుంటాయి. అమెరికా, మెక్సికో ఒప్పందం ప్రకారం 2014 వసంతంలో కొలరాడో డెల్టాకు దాదాపు 13 కోట్ల ఘనపు మీటర్లు వదిలారు. ఆ నదికి అది చాలా చిన్న వాటా, అయినా వేళ చూసి వదిలారు కాబట్టి ఒడ్డు వెంట పచ్చదనం పెరిగింది. దిగువ ఆయకట్టుకు ఎలాగూ పంపాల్సిన నీటిని కాలువలో కాకుండా, వీలైన చోట నదిలోంచే, నదికి పనికొచ్చే వేళలో పంపితే ఒకే నీరు రెండు పనులు చేస్తుంది. దీనికి కొత్త డ్యాం అక్కర్లేదు, గేట్ల షెడ్యూలు వేసేవాళ్లు, రైతులు ముందే కూర్చుని మాట్లాడుకుంటే చాలు.

అపోహ: బోరు నీరు వేరు, నది నీరు వేరు.

వాస్తవం: చాలాచోట్ల రెండూ ఒకటే నీరు. వానలు లేని నెలల్లో నదిలో పారేది ఎక్కువగా భూమిలోంచి వచ్చే ఊటే. దగ్గర్లో బోర్లు తోడితే ఆ లోటు నదిలో వెంటనే కనపడకపోవచ్చు, నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది, ఈలోగా కాలువ నీటికి కోత పెట్టి బోర్లను వదిలేస్తే వాడకం కాలువలోంచి బోరులోకి మారుతుందంతే.