“గుర్రాలే కదా, వాటిలో అవే సర్దుకుంటాయి”: అపోహలు, వాస్తవాలు

మొయినాబాద్, చేవెళ్ల, శంషాబాద్ వైపు ఫామ్‌హౌస్‌లలో మార్వాడీ, కాఠియావాడీ గుర్రాలు పెంచేవాళ్లు ఉన్నారు. కొందరు డిసెంబరులో మహారాష్ట్రలోని సారంగ్‌ఖేడా సంతకు వెళ్లి, పిల్లతో ఉన్న ఆడగుర్రాన్ని కొని లారీలో తెచ్చుకుంటారు. కొందరి దగ్గర ఉన్న గుర్రమే ఈనుతుంది. ఎవరైనా గుర్రాల డాక్టరుగా నన్ను అడిగేది ఒకటే: “డాక్టర్ గారూ, పిల్లని మిగతావాటితో ఎప్పుడు వదలాలి?” అలా అడిగి వదిలేవాళ్లతో ఇబ్బంది లేదు. వదిలేశాక కంగారుగా ఫోన్ చేసేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లని దృష్టిలో పెట్టుకునే ఇది రాస్తున్నాను.

అపోహ: గుర్రం మంద జంతువు. ఒకసారి అన్నింటితో వదిలేస్తే, కాసేపు కొట్టుకుని అవే సర్దుకుంటాయి.

వాస్తవం: మంద జంతువన్న మాట నిజమే. కానీ ఏ మంద? స్వేచ్ఛగా తిరిగే గుర్రాల్లో పిల్ల పుట్టేది తల్లికి బాగా తెలిసిన మందలో. ముందు నీళ్లు తాగేదెవరో, ఎవరికి ఎవరు తప్పుకోవాలో అక్కడ ఎప్పుడో తేలిపోయి ఉంటుంది. పైగా పారిపోవడానికి కావలసినంత చోటుంటుంది. ఒకటి తరిమితే తల్లీపిల్లా దూరం వెళ్లి ఊపిరి పీల్చుకుంటాయి. మన దగ్గర ఉండేది అరెకరం ప్యాడక్ (గుర్రాలను వదిలే కంచె వేసిన ఆవరణ), నాలుగు మూలలు, చుట్టూ కంచె. నిన్న లారీ దిగిన తల్లిని, పది రోజుల పిల్లని అందులో నాలుగు కొత్త గుర్రాల మధ్యకు తోసి “ప్రకృతి చూసుకుంటుంది” అంటే నాకు నిజంగా కోపం వస్తుంది. అక్కడ ప్రకృతి ఏముంది? ఆ కంచె మనం కట్టిందే, ఆ గుర్రాలను పోగేసింది మనమే.

పెద్ద గుర్రాల మధ్య ఎవరు పైన, ఎవరు కింద అన్నది చాలాసార్లు కీచుమని అరవడం, ముందుకాలు విసరడం, ఒకటి రెండు తన్నులతో తేలిపోతుంది. పెద్దదానికి తొడ మీద తగిలిన తన్ను వాపుతో పోతుంది. అదే తన్ను పిల్ల ఎత్తుకి తలకో పక్కటెముకలకో తగులుతుంది. కాలి ఎముక విరిగిందా, మన ప్రాంతంలో గుర్రానికి ఆ స్థాయి సర్జరీ చేయించడం ఎంత కష్టమో పెంచేవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

ఇంకొకటి చాలామంది ఊహించరు. పిల్లకి దెబ్బ తగలడానికి వేరే గుర్రం పగబట్టి కొట్టనక్కర్లేదు. తల్లి పిల్లని కాపాడే హడావిడిలో గిర్రున తిరుగుతుంది, వెనక కాళ్లు విసురుతుంది, మీదకు ఉరుకుతుంది. పిల్ల ఆ తల్లి పక్కకే అతుక్కుని ఉంటుంది. లేదా బెదిరి పరుగందుకుంటుంది, దానికి కంచె అంటే ఏమిటో ఇంకా తెలియదు.

చేవెళ్ల వైపు ఒక ఫామ్‌లో ఇలాగే జరిగింది. సాయంత్రం ఫోన్ వచ్చి వెళ్లేసరికి పిల్ల ఛాతీ చీలిపోయి ఉంది. చీకటి పడిపోయింది, సైసు (గుర్రాలను చూసుకునే మనిషి) టార్చి పట్టుకుంటే కుట్లు వేశాను. యజమాని కళ్ల నీళ్లు పెట్టుకుని, “ఏ గుర్రం చేసిందో చెప్పండి, రేపే అమ్మేస్తా” అంటాడు. ఏ గుర్రమూ దాన్ని ముట్టుకోలేదు. తల్లి వెంట పరుగెత్తి ముళ్ల తీగలోకి దూసుకుపోయింది. పిల్ల బతికింది. ఆయన ముళ్ల తీగ పీకించేశారు. ఆ రోజు ఆయనని మందలించబుద్ధి కాలేదు. గుర్రాల మీద ప్రేమ లేక చేసిన పని కాదది. ఎవరో గట్టిగా చెప్పారు, ఆయన నమ్మారు.

పుట్టిన మొదటి రోజుల్లో ఇంకో ప్రమాదం ఉంది. తల్లి తన పిల్లని వాసనతో కొన్ని గంటల్లోనే గుర్తుపడుతుంది. పిల్ల తల్లిని నమ్మకంగా గుర్తుపట్టడానికి మాత్రం రెండు మూడు రోజులు పడుతుంది. అప్పటిదాకా పెద్దగా కనిపించి కదిలే దేని వెంటైనా వెళ్లిపోతుంది. మందలో ఇంకో చూలుగుర్రం నెలలు నిండి ఉంటే పిల్లని తన వైపు లాక్కుని అసలు తల్లిని దగ్గరికి రానివ్వకపోవచ్చు. పిల్ల ముర్రుపాలు తాగాల్సింది సరిగ్గా ఆ గంటల్లోనే. పేగులు ఆ పాలలోని రక్షణనిచ్చే ప్రొటీన్లను పీల్చుకునేది మొదటి 24 గంటల్లో, అందులోనూ ముందు గంటల్లో ఎక్కువ. ఆ సమయం పోతే మళ్లీ రాదు.

మరి ఎలా కలపాలి? నేను చెప్పే పద్ధతి ఇది. మొదట తల్లీపిల్లా మాత్రమే. ఇంట్లో ఈనిన గుర్రమైతే, పిల్ల గంటలో లేచి నిలబడి, రెండు గంటల్లో పాలు తాగి, తల్లికి మూడు గంటల్లో మావి పడిపోయి, అంతా బాగుంటే రెండో రోజో మూడో రోజో చిన్న ప్యాడక్‌లోకి కాసేపు వదలండి. ఎండాకాలమైతే తెల్లవారుజామునే. తర్వాత మిగతా గుర్రాలు కంచె అవతల కనిపించాలి. మధ్యలో ఒక నడవ వదిలి రెండు కంచెలు ఉంటే ఇంకా మంచిది, ముట్టెలు తగలవు, కాళ్లు ఇరుక్కోవు. రోజులు గడిచేకొద్దీ తల్లి చెవులు వెనక్కి వాల్చడం, కంచె మీదకు ఉరకడం తగ్గుతుంది. అది తగ్గేదాకా తర్వాతి మెట్టు ఎక్కొద్దు. పిల్లకి రెండు మూడు వారాలు నిండి, తల్లి వెంట చురుగ్గా పరుగెత్తగలిగాక ఒకే ఒక్క గుర్రాన్ని కలపండి. పిల్లలున్న లేదా ఇంతకుముందు పిల్లల్ని పెంచిన నెమ్మదస్తురాలు అయితే మేలు. ఆ ఇద్దరూ పక్కపక్కన గడ్డి మేస్తూ కొన్ని రోజులు గడిచాక ఇంకొకటి. అందరికంటే దుడుకుది చివర్లో. కొన్నిటిని అసలు కలపనే కూడదు, దానికి బాధపడొద్దు.

కలిపే ప్యాడక్‌లో ముందుగా తల్లీపిల్లలను విడిగా తిప్పాలి, కంచె ఎక్కడుందో పిల్లకి తెలియాలి. మిగతా గుర్రాల వెనక కాళ్లకు లాడాలు తీయించండి. దాణా బకెట్ కనపడకూడదు. గడ్డి కుప్పలు దూరదూరంగా, గుర్రాల కంటే ఎక్కువ వేయండి. పిల్లకి నైలాన్ హాల్టర్ (తలకు కట్టే పట్టీ) ఉంచి వదలొద్దు, ఎక్కడైనా తగులుకుంటే తెగదు. కంచె అడుగున ఖాళీ చూడండి, దాని పక్కన పడుకున్న పిల్ల పొర్లి అవతల లేస్తుంది. మీరూ సైసూ గేటు బయటే నిలబడండి. ఏదైనా గుర్రం తల దించి, మెడ చాచి, చెవులు అణిచి పిల్ల వెంటే మళ్లీ మళ్లీ పడుతుంటే అది ఆట కాదు. వెంటనే విడదీయండి.

అపోహ: సంతలో చూసినప్పుడు బాగానే ఉంది, తెచ్చినరోజే కలిపేయొచ్చు.

వాస్తవం: కనీసం మూడు వారాలు విడిగా ఉంచండి. వేరే నీళ్ల తొట్టి, వేరే బ్రష్, వీలైతే వేరే మనిషి. స్ట్రాంగిల్స్ అనే అంటుజబ్బు సోకిన గుర్రానికి దవడ కింద గడ్డలు బయటపడటానికి రెండు వారాల దాకా పట్టొచ్చు. గ్లాండర్స్ అనే ప్రాణాంతకమైన అంటుజబ్బు ఇంకా పెద్ద మాట. అది మనిషికీ సోకుతుంది, తేలితే ప్రభుత్వానికి చెప్పాలి, ఆ గుర్రాన్ని చట్టప్రకారం చంపక తప్పదు. రక్తం నమూనా ఇచ్చి, హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం లాంటి గుర్తింపు ఉన్న ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా ఆగడంలో అవమానం ఏమీ లేదు. “అమ్మినవాడు మంచివాడు” అన్నది రిపోర్టు కాదు.

అపోహ: దిష్టి తగులుతుంది, నలభై రోజులు పిల్లని చీకటి గదిలోనే ఉంచాలి.

వాస్తవం: దిష్టి తీసుకోండి, నాకు అభ్యంతరం లేదు. కానీ గదిలో మూసేయొద్దు. కాళ్లు, స్నాయువులు గట్టిపడేది నడకతోనే. దుమ్ము పట్టిన మూసిన గదిలో పిల్లలకి న్యుమోనియా రావడం నేను చూశాను.

అపోహ: మనిషి ముట్టుకుంటే తల్లి పిల్లని వదిలేస్తుంది.

వాస్తవం: మీ వాసన వల్ల వదలదు. తొలిచూలు గుర్రం భయంతోనో పొదుగు నొప్పితోనో పిల్లని దగ్గరికి రానివ్వకపోవచ్చు. మొదటి గంటలో పదిమంది చుట్టూ చేరి సెల్ఫీలు తీసుకుంటే మాత్రం ఆ బంధం చెడుతుంది.

అపోహ: గెల్డింగ్ (వృషణాలు తీసేసిన మగగుర్రం) సాధువు, పిల్లని ఏమీ చేయదు.

వాస్తవం: కొన్ని చేయవు. కొన్ని మగగుర్రంలాగే తరుముతాయి, తల్లిని తమ వైపు తోలుకుపోవాలని చూస్తాయి. తల్లి ఈనిన వారం పది రోజులకే మళ్లీ ఎదకు వస్తుంది, ఆ రోజుల్లో ఇది ఎక్కువ. స్టాలియన్‌ని (వృషణాలు తీయని మగగుర్రాన్ని) పక్క ప్యాడక్‌లో కూడా పెట్టొద్దు.

పిల్ల పెద్ద గుర్రం ముందు నోరు తెరిచి మూసి చప్పరిస్తే ఆకలి కాదు, “నేను చిన్నదాన్ని” అని చెప్పడం. దాన్ని చూసి అన్ని గుర్రాలూ ఊరుకుంటాయని లేదు. పిల్ల తన తల్లి లద్దెను తింటే కంగారు పడొద్దు, మొదటి వారాల్లో మామూలే. రెండో వారంలో పలచగా పారుకోవడం కొత్త గుర్రాల దిష్టి వల్ల కాదు, చాలా పిల్లల్లో వస్తుంది, హుషారుగా పాలు తాగుతుంటే తగ్గిపోతుంది. జ్వరమో నీరసమో ఉంటే మాత్రం ఆగకూడదు.

కలిపిన రోజు సాయంత్రం లోపలికి తెచ్చాక తల్లి పొదుగు చూడండి. చిన్న పిల్ల గంటకి నాలుగైదుసార్లు తాగుతుంది కాబట్టి పొదుగు మెత్తగా ఉండాలి. రాయిలా బిగిసి పాలు కారుతుంటే, మంద గొడవలో పిల్ల తాగలేదనో, పిల్లకి ఏదో అయిందనో అర్థం. ముందు తల్లీపిల్లలను ఒంటరిగా వదిలి చూడండి. అప్పటికీ తాగకపోతే రాత్రి ఎంతైనా సరే డాక్టరుకు ఫోన్ చేయండి, తెల్లారేదాకా ఆగొద్దు.