బైక్ ట్యాంకు మీద రబ్బర్ ప్యాడ్: ఊడదీయాలన్నా అతికించాలన్నా జిగురుకి టైమ్ ఇవ్వాలి

పాత బుల్లెట్, జావా లాంటి బళ్ళకి ట్యాంకుకి అటూ ఇటూ మోకాళ్ళు ఆనే చోట నల్లటి రబ్బర్ ప్యాడ్లు ఉంటాయి కదా. ట్యాంకుకి పెయింట్ వేయించాలన్నా, ప్యాడ్ కింద తుప్పు పట్టిందేమో చూడాలన్నా వాటిని తీయాల్సిందే. కొన్నిటికి వెనక స్క్రూలుంటాయి, ముందు అది చూసుకోండి. జిగురుతో అతికించినవైతే చాలామంది స్క్రూడ్రైవర్ దూర్చి ఒక్క ఊపున లాగేస్తారు, దాంతో ప్యాడ్ అన్నా చిరుగుతుంది, పెయింట్ అన్నా పెచ్చుగా లేచొస్తుంది. జిగురు ఎలా పనిచేస్తుందో కాస్త తెలిస్తే ఈ రెండూ తప్పించుకోవచ్చు.

ప్యాడ్ మీద అరచెయ్యి పెట్టి పక్కకి నెట్టి చూడండి, ఎంత బలం పెట్టినా కదలదు. అదే ఒక మూల గోటితో లేపి వెనక్కి మడిచి లాగండి, మెల్లగా వచ్చేస్తుంది. పక్కకి నెట్టినప్పుడు ప్యాడ్ కింద ఉన్న జిగురంతా ఒకేసారి ఆ బలాన్ని పంచుకుంటుంది, మడిచి లాగినప్పుడు మాత్రం ఆ మడత దగ్గర సన్నటి గీతంత జిగురే మొత్తం భారం మోయాలి, అది తెగాక దాని పక్క గీత, తర్వాత ఆ పక్కది. అందుకే ఎప్పుడూ మూల నుంచి మొదలుపెట్టి, ప్యాడ్‌ని బాగా వెనక్కి మడిచి పట్టుకుని లాగాలి.

లాగుతున్నప్పుడు ఆ సందులోకి టార్చ్ కొట్టి చూడండి, చూడదగ్గ దృశ్యం అది. రబ్బరుకీ పెయింటుకీ మధ్య వెంట్రుకల్లాంటి జిగురు పోగులు సాగుతుంటాయి, సాగిసాగి తెల్లబడి ఒక్కోటీ తెగుతుంటుంది. జిగురు అంటే పొడవాటి అణువుల గొలుసులు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుపోయిన ముద్ద. నిదానంగా లాగితే ఆ గొలుసులకి జారి విడిపోడానికి టైమ్ దొరుకుతుంది, తక్కువ బలంతోనే పనైపోతుంది. గట్టిగా గుంజితే అదే జిగురు బిగుసుకుపోయి లాగుడంతా కిందున్న పెయింట్ మీద పడుతుంది. వేడి చేసినా గొలుసులు చురుగ్గా కదులుతాయి కాబట్టి, నిదానంగా లాగడం, వేడి చేసి లాగడం రెండూ జిగురు విషయంలో దాదాపు ఒకే పని చేస్తాయి. ఇలాంటి గొలుసు అణువుల గురించి చదివే పాలిమర్ సైన్స్‌లో నాకు బాగా నచ్చిన సంగతి ఇదే.

అయితే ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇది పెట్రోల్ ట్యాంకు. పెట్రోల్ మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా మంట అందుకునేంత ఆవిరి వదులుతుంది, ఆ ఆవిరి గాలికంటే బరువు, కిందకి దిగి నేలమీద పరుచుకుంటుంది. హెయిర్ డ్రయ్యర్‌లో ఎర్రగా కాలే కాయిల్ ఉంటుంది, బాగా వేడిగాలి ఊదే హీట్ గన్ అయితే ఇంకా ప్రమాదం. కాబట్టి వేడినీళ్ళలో ముంచి పిండిన మందపాటి గుడ్డని ప్యాడ్ మీద ఐదారు నిమిషాలు వేసి ఉంచండి, చల్లారితే మళ్ళీ ముంచండి. ఎండాకాలం మధ్యాహ్నం విజయవాడలోనో రామగుండంలోనో అయితే ఆ పని ఎండే చేసిపెడుతుంది, బండి కాసేపు ఎండలో ఉంచి తర్వాత నీడకి తెచ్చి మొదలుపెట్టొచ్చు. లోపల ఫోమ్ టేపు (రెండు వైపులా అంటుకునే స్పాంజి లాంటి టేపు) ఉంటే గాలం దారం కింద దూర్చి రంపంలా అటూ ఇటూ లాగితే సరిపోతుంది. తీసేముందు ప్యాడ్ చుట్టూ మాస్కింగ్ టేపు వేసి హద్దు గుర్తు పెట్టుకోండి, లేకపోతే మళ్ళీ పెట్టేటప్పుడు రెండు వైపులా సమానంగా రావు.

మిగిలిన జిగురుకి థిన్నర్ వాడొద్దు, లోకల్ పెయింట్ అయితే జిగురుతో పాటు అదీ కరిగిపోతుంది. పెయింట్ షాపుల్లో దొరికే మినరల్ టర్పెంటైన్ నయం, మెల్లగా ఆరుతుంది కాబట్టి జిగురులోకి ఇంకి ఉబ్బేలా చేస్తుంది, అప్పుడు బొటనవేలితో రుద్దితే ఉండలు కట్టి వచ్చేస్తుంది. కొబ్బరినూనె కూడా చాలా టేపుల జిగురు మీద పనిచేస్తుంది, కాకపోతే ఆ జిడ్డు తర్వాత పూర్తిగా పోవాలి.

ఇక అతికించడం. పంచర్ షాపులో చూడండి, ట్యూబుని గరుకుగా గీకుతాడు, సొల్యూషన్ రాస్తాడు, వెంటనే ప్యాచ్ పెట్టడు, ఆరేదాకా ఆగుతాడు, అప్పుడు పెట్టి గట్టిగా కొడతాడు. అందులో ఒక్క పనీ అనవసరం కాదు, మన ప్యాడ్‌కీ అదే పద్ధతి. రబ్బరు పగుళ్ళు రాకుండా తయారీలో కలిపిన మైనం మెల్లగా పైకి వచ్చి సన్నటి పొరలా పేరుకుంటుంది, దాని మీద ఏ జిగురూ నిలవదు, కాబట్టి ప్యాడ్ వెనక వైపు ఎమరీ పేపర్‌తో గీకాలి. టైర్ పాలిష్ రాసే అలవాటుంటే అందులో ఉండే సిలికాన్‌దీ ఇదే గొడవ. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్ళు సగం సగం కలిపి ప్యాడ్ వెనకా, ట్యాంకు మీద అతికే చోటా తుడవాలి. ఫెవికాల్ ఎస్ఆర్ లాంటి కాంటాక్ట్ అడెసివ్ అయితే ట్యాంకుకీ ప్యాడ్‌కీ రెండిటికీ పల్చగా రాసి, వేలితో ముట్టుకుంటే అంటుకోనంత ఆరాకే కలపాలి. తడి మీద కలిపితే సాల్వెంట్, అంటే జిగురుని పల్చగా ఉంచే ద్రవం, లోపలే ఇరుక్కుపోతుంది. కాకినాడ, విశాఖ వైపు ముసురు పట్టిన రోజు ఈ పని పెట్టుకోకండి, సాల్వెంట్ ఆవిరవుతూ జిగురుని చల్లబరుస్తుంది, దాని మీద గాల్లో తేమ పట్టేస్తుంది.

ఫెవిక్విక్ లాంటివి దీనికి పనికిరావు. అవి గాల్లో తేమతో క్షణాల్లో గట్టిపడతాయి, కానీ గాజులా పెళుసు. రబ్బరేమో వేడికి స్టీలు కంటే పది రెట్లకి పైనే సాగుతుంది. 20 సెంటీమీటర్ల ప్యాడ్, 40 డిగ్రీల తేడా అనుకోండి, స్టీలు పెరిగేది మిల్లీమీటరులో పదో వంతు, రబ్బరు మాత్రం మిల్లీమీటరు దాటి పెరగాలని చూస్తుంది. ఆ తేడాని, దానికి తోడు ఇంజిన్ వైబ్రేషన్‌ని, మెత్తగా ఉండే జిగురే తట్టుకోగలదు.

ఫోమ్ టేపు వాడితే నొక్కడంలో పిసినారితనం వద్దు. అతుకు బలం నొక్కిన బలాన్ని బట్టీ, ఆ తర్వాత జిగురు పెయింట్ మీద ఉన్న సన్నటి ఎత్తుపల్లాల్లోకి పారడానికి ఇచ్చిన టైమ్‌ని బట్టీ వస్తుంది. 3ఎమ్ వాళ్ళ వీహెచ్‌బీ టేపు మామూలు గది వేడిలో 20 నిమిషాలకి సగం బలం, 24 గంటలకి 90 శాతం, పూర్తి బలానికి 72 గంటలు తీసుకుంటుందని కంపెనీయే చెబుతుంది. ఆ మూడు రోజులూ బండి కడగొద్దు, మోకాళ్ళతో ప్యాడ్ అంచు నొక్కొద్దు, బంకులో ఫుల్ ట్యాంక్ అని పొంగేదాకా కొట్టించొద్దు, ఎందుకంటే ట్యాంకు మీదుగా కారిన పెట్రోల్ ముందు ప్యాడ్ పై అంచులోకే దిగి జిగురుని ఉబ్బిస్తుంది.