విశాఖ ఆర్కే బీచ్: తరుగుతున్న ఇసుక వెనుక తొంభై ఏళ్ల కథ

విశాఖపట్నం చూడటానికి వచ్చినవారు ముందుగా అడిగేది ఆర్కే బీచ్ దారి. రామకృష్ణ మిషన్ ఆశ్రమం పేరుతో పిలిచే ఈ తీరంలో, రోడ్డుకూ సముద్రానికీ నడుమనున్న సన్నని పట్టీ పొడవునా, ఆ రోడ్డుకు ఆవలి వైపునా కాళికాలయం, 1971 యుద్ధ విజయ స్మారకం, కురుసుర జలాంతర్గామి, టీయూ-142 విమాన మ్యూజియం దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఏ తుపాను వచ్చినా ఇక్కడ ఇసుక కొట్టుకుపోతుంది, గట్టు తెగుతుంది, మెట్ల కింది పునాది రాళ్లు బయటపడతాయి. ఆ నాలుగు రోజులూ వార్తల్లో తుపాను పేరే వినిపిస్తుంది. నిజానికి తుపాను ఈ కోతను బయటపెడుతుందే గాని దానికి మూలం కాదు.

తూర్పు తీరంలో ఇసుక ఒకచోట నిలిచి ఉండదు. నైరుతి గాలులు వీచే నెలల్లో అలలు ఏటవాలుగా వచ్చి ఇసుకను ఉత్తరానికి తరలిస్తాయి. చలికాలంలో ప్రవాహం తిరగబడి కొంత ఇసుకను దక్షిణానికి తెస్తుంది. ఏడాది మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. వానాకాలంలో సన్నబడిన తీరం తర్వాతి నెలల్లో మళ్లీ మేట వేసుకోవడం విశాఖవాసులకు కొత్త కాదు. అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ 1952లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చినప్పుడు, ఇక్కడి పరిశోధకులతో కలిసి వాల్తేరు తీరంలోని ఈ కోత, మేటల చక్రాన్ని కొలిచి నమోదు చేశారు. విశాఖ తీరం గురించిన శాస్త్రీయ అవగాహన మనకు ఏడు దశాబ్దాలుగా ఉందని ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి.

అయితే అప్పటికే ఆ ప్రవాహానికి అడ్డు పడింది. ఆర్కే బీచ్‌కు దక్షిణాన, యారాడ కొండ చాటున ఉన్న ఉప్పుటేరు చిత్తడిని తవ్వి, సముద్రంలోకి ఓడల కాలువ తీసి కట్టిన రేవులోకి 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ మొదటిగా ప్రవేశించింది. డిసెంబరు 19న వైస్రాయ్ విల్లింగ్‌డన్ రేవును లాంఛనంగా ప్రారంభించారు. మధ్య పరగణాల నుంచి మాంగనీసు ఖనిజాన్ని ఓడలకెక్కించాలన్నది నాటి ఆలోచన. దక్షిణం నుంచి వచ్చే ఇసుక కాలువ ముఖద్వారాన్ని పూడ్చేస్తుందని ఇంజినీర్లకు మొదటినుంచీ తెలుసు. అందుకే జానస్, వెల్లెస్‌డన్ అనే రెండు పాత ఓడలను ముంచి, వాటినే అడ్డుకట్టగా వాడుకున్నారు. వాటి చాటున నిలిచిపోయే ఇసుకను డ్రెడ్జర్‌తో తోడి కాలువకు ఉత్తరాన పోయడం రేవు నిర్వహణలో భాగమైంది. కొండ దాటి తనంతట తాను రావలసిన ఇసుక అప్పటినుంచీ యంత్రం మీద ఆధారపడింది. నా దృష్టిలో ఈ మొత్తం కథకు కీలకం ఇదే.

ఇనుప ఖనిజం మోసే భారీ ఓడల కోసం 1970లలో బయటి హార్బరు కట్టినప్పుడు, అలలను ఆపే పెద్ద రాతి గట్లు (బ్రేక్‌వాటర్లు) సముద్రంలోకి ఇంకా ముందుకు జరిగాయి. దాంతో ఇసుక దాటే దారి మరింత మూసుకుపోయింది. తోడి పోసే పని ఆలస్యమైనా, పోసిన ఇసుక చాలకపోయినా, దెబ్బ ముందుగా తగిలేది రేవుకు పక్కనే ఉన్న కోస్టల్ బ్యాటరీ, ఆర్కే బీచ్ భాగానికే. ఓడల రాకపోకల కోసం చేసే పూడికతీత ఆగదు, ఎందుకంటే ఆగితే ఆదాయం ఆగుతుంది. బీచ్‌కు ఇసుక చేర్చడానికి అలాంటి ఒత్తిడి ఏదీ లేదు.

పర్యాటక కట్టడాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి చేరింది సరిగ్గా ఈ బలహీనమైన చోటికే. సోవియట్ యూనియన్‌లో తయారై, 1969లో నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరిలో విరమించిన కురుసురను ఇసుక మీదుగా లాగి కాంక్రీటు దిమ్మెల మీద నిలబెట్టడానికి సుమారు రూ. 5.5 కోట్లు ఖర్చయింది. తొంభై మీటర్లు దాటిన ఉక్కు దేహాన్ని అలా ఒడ్డుకు చేర్చడం గొప్ప పనే. 2002 ఆగస్టులో తెరిచిన ఆ మ్యూజియంలోకి అడుగుపెట్టి, ఇరుకు నడవలో తలవంచుకుని నడుస్తూ, టార్పెడో గొట్టాల పక్కనే నావికులు పడుకున్న పడకలను చూసిన పిల్లలు ఆ అనుభవాన్ని మరచిపోరు. కానీ ఒకసారి దిమ్మెలెక్కిన నౌకను వెనక్కి జరపలేం. తీరం సన్నబడితే దాని ముందు రాళ్లు పేర్చడం తప్ప మార్గం ఉండదు. ఆ రాళ్లు వెనుకనున్నదాన్ని కాపాడినా ముందున్న ఇసుకను కాపాడవు, పైగా రాతి వరుస ముగిసిన చోట కోత పెరుగుతుంది. టీయూ-142ను 2017లో రోడ్డుకు ఆవలి వైపు, సముద్రానికి ఎడంగా నిలపడం ఈ లెక్కన మేలైన నిర్ణయం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నేరుగా విశాఖ మీదే తీరం దాటినప్పుడు బీచ్ రోడ్డు పొడవునా నష్టం జరిగింది. 2021 డిసెంబరులో జవాద్ తుపాను బలహీనపడి ఒడ్డును తాకకుండానే వెళ్లిపోయినా, పిల్లల పార్కు వద్ద నేల కుంగి ప్రహరీ కూలింది. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, గాలి తీవ్రత కంటే ఆ సమయానికి ఒడ్డున ఎంత ఇసుక మిగిలి ఉందన్నదే ముఖ్యమని తెలుస్తుంది.

ఈ చర్చలో తరచూ వినబడనిది జాలరిపేటల మాట. అలివి వల లాగడానికి, పడవను ఒడ్డెక్కించడానికి, చేపలు ఎండబెట్టడానికి వెడల్పైన ఇసుక కావాలి. సందర్శకుడికి నడిచే చోటు తగ్గినప్పుడు నగరమంతా మాట్లాడుతుంది. పడవ నిలిపే చోటు తగ్గినప్పుడు ఆ కుటుంబాలే సర్దుకోవలసి వస్తోంది. తీరాన్ని కాపాడే ప్రణాళికలో మ్యూజియాలతో పాటు ఆ పడవల చోటును కూడా మీటర్లలో రాసి, ఏ నెలలో ఎంత ఇసుక పోస్తారో ముందుగా ప్రకటించాలని అడగడానికి వారికి అందరికంటే ఎక్కువ హక్కుంది.