పాలు చాలడం లేదేమో అన్న భయం వెనక కథ

కాన్పయిన రెండో రోజో మూడో రోజో మన ఆసుపత్రి వార్డుల్లో తరచూ వినిపించే మాట ఒకటుంది: "పాలు పడలేదు." సిజేరియన్ కుట్ల నొప్పితో పక్కకి తిరగలేని బాలింత, కందిపోయి గుక్కపట్టి ఏడ్చే బిడ్డ, చుట్టూ అమ్మ, అత్తగారు, ఆడపడుచు. ఎవరో ఒకరు కింద మెడికల్ షాపుకి వెళ్లి పాలపొడి డబ్బా తెస్తారు. పావుగంటలో బిడ్డ తాగి నిద్రపోతుంది, ఇంటిల్లిపాదికీ టెన్షన్ తగ్గుతుంది. తల్లి మనసులో మాత్రం ఒక మాట నాటుకుపోతుంది: నా పాలు బిడ్డకి చాలవు.

ఆ డబ్బాని ఓసారి చేతిలోకి తీసుకుని చూడండి. బేబీ సబ్బు మీద, డైపర్ల ప్యాకెట్ మీద పాపాయి ఫోటో ఉంటుంది గానీ, పసిబిడ్డ తాగడానికే తయారైన ఈ డబ్బా మీద ఉండదు. తల్లి బొమ్మ కూడా ఉండదు. బిడ్డకి తల్లిపాలే శ్రేష్ఠమన్న హెచ్చరిక మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంటుంది. తన సరుకు కంటే వేరేది మంచిదని తన డబ్బా మీదే అచ్చు వేసుకోవాల్సిన అవసరం ఏ కంపెనీకీ ఊరికే రాదు. దాని వెనక పెద్ద పోరాటమే నడిచింది. తల్లిపాలా, డబ్బాపాలా అన్నది ఇవాళ పూర్తిగా తల్లి సొంత నిర్ణయమన్నట్టు మాట్లాడుతున్నాం. ఆ నిర్ణయం దాకా ఆమెను ఎవరెవరు నడిపించారో తెలిస్తే, ఆమెను తప్పుపట్టే ముందు ఒక్క క్షణం ఆగుతాం.

డబ్బాలు రాకముందు అంతా బాగుందని కూడా అనుకోనక్కర్లేదు. ముర్రుపాలు బిడ్డకి అరగవని పిండి పారబోసిన ఇళ్లు మన దగ్గర ఎన్నో. మొదటి రోజుల్లో తేనె నాకించడం, పంచదార నీళ్లు, ఆముదం పట్టడం మామూలే. తల్లి చనిపోతే, లేదా పాలు లేకపోతే, చుట్టుపక్కల పాలిచ్చే తల్లి ఎవరైనా ఆదుకునేది. ఎవరూ దొరక్కపోతే ఆవుపాలో మేకపాలో నీళ్లు కలిపి ఉగ్గుగిన్నెతో పట్టేవారు. అలా పెరిగిన పిల్లల్లో బతికి బట్టకట్టిన వాళ్లు తక్కువ. అందుకే బాలింతకు పాలు పడాలన్న తాపత్రయం మన వంటింట్లో అంతగా కనిపిస్తుంది: వెల్లుల్లి కారం, మునగాకు, పచ్చి బొప్పాయి కూర, సముద్రం పక్క ఊళ్లలో పాలసొర పుట్టు.

ఐరోపాలోనూ ఇదే బాధ. ఫ్యాక్టరీల్లో పనిచేసే తల్లులు, అనాథ శిశువులు, కల్తీ పాలు. 1860ల్లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ పసిపిల్లల కోసం ఒక ఆహారం తయారు చేశాడు. 1867లో స్విట్జర్లాండ్‌లోని వెవే పట్టణంలో హెన్రీ నెస్లే పాలు, గోధుమ పిండి, పంచదార కలిపి ఒక పొడి తెచ్చాడు. తల్లిపాలు అందని బిడ్డను కాపాడాలన్న అవసరం నిజమైనదే. చిక్కంతా, పాలు అందుతున్న పిల్లల ఇళ్లకు కూడా ఆ సరుకును చేర్చాలనుకోవడం దగ్గర మొదలైంది.

వలస దేశాల్లో అది ఎంత దూరం పోయిందో మొదట గట్టిగా చెప్పిన మనిషి డాక్టర్ సిసిలీ విలియమ్స్. జమైకాలో పుట్టి, ఆఫ్రికాలోని గోల్డ్‌కోస్ట్‌లో (ఇప్పటి ఘనా) పనిచేసి, క్వాషియోర్కర్ అనే పోషకాహార లోపాన్ని వైద్య ప్రపంచానికి పరిచయం చేసిన వైద్యురాలు ఆమె. తర్వాత మలయాకు (ఇప్పటి మలేషియా, సింగపూర్ ప్రాంతం) బదిలీ అయ్యారు. అక్కడ తీపి కండెన్స్‌డ్ మిల్క్‌ను పసిపిల్లలకు మంచిదని చెప్పి అమ్ముతుంటే, అది తాగిన పిల్లలు చిక్కి శల్యమై ఆసుపత్రికి రావడం చూశారు. 1939లో సింగపూర్ రోటరీ క్లబ్బులో మాట్లాడుతూ, ఇలాంటి తప్పుడు ప్రచారం వల్ల జరిగే శిశు మరణాలను హత్యలుగానే లెక్కించాలని సభలోనే అనేశారు. ఆ మాట లోకం చెవికెక్కడానికి ఇంకో ముప్పై ఐదేళ్లు పట్టింది.

మన దేశంలో డబ్బా అంటే చాలాకాలం గ్లాక్సోనే. విదేశీ సరుకు, ఖరీదైంది, కాబట్టి గొప్పింటి గుర్తు. స్వాతంత్ర్యం తర్వాత దిగుమతి తగ్గించాలన్న పట్టుదలతో మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ గేదెపాల నుంచి శిశు ఆహారం తయారు చేసే పద్ధతి కనిపెట్టింది. 1960లో ఆణంద్‌లో అమూల్ ఆ డబ్బాలు తయారు చేయడం మొదలుపెట్టింది. గేదెపాలతో అది సాధ్యం కాదన్న రోజుల్లో సాధించారు కాబట్టి దాన్ని దేశానికి గర్వకారణంగా చూశారు. మరుసటి ఏడాదే పంజాబ్‌లోని మోగాలో నెస్లే ఫ్యాక్టరీ వచ్చింది. బొద్దుగా ఉన్న పిల్లాణ్ణి 'అమూల్ బేబీ' అని ముద్దు చేయడం మనకీ అలవాటైంది. ఎక్కడో తల్లుల మనసులో బొద్దుదనమే ఆరోగ్యమని, అది డబ్బాలోంచి వస్తుందని పడిపోయింది.

ఇక్కడ పాలు ఎలా వస్తాయో చెప్పకపోతే తర్వాతి కథ అర్థం కాదు. బావిలో నీళ్లలాగే తల్లిపాలు తోడేకొద్దీ ఊరతాయి. బిడ్డ చీకితేనే తల్లి మెదడు నుంచి పాలు తయారు చేసే హార్మోను విడుదలవుతుంది. మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి చెంచాల లెక్కన ముర్రుపాలే. అప్పుడే పుట్టిన బిడ్డ పొట్టకు అవి సరిపోతాయి. మూడో నాలుగో రోజుకి పాలు నిండుగా దిగుతాయి, సిజేరియన్ అయితే కాస్త ఆలస్యం కావచ్చు. సరిగ్గా ఈ సమయంలో బిడ్డకి డబ్బాపాలు నిండా పట్టిస్తే, రొమ్ము దగ్గర చీకడం తగ్గుతుంది. చీకడం తగ్గితే పాలు తగ్గుతాయి. అప్పుడు "చూశావా, నీకు పాలు లేవు" అన్న మాట నిజమైపోతుంది. బిడ్డ ఏడుపు ఒక్కదాన్నీ కొలతగా పెట్టుకోకూడదు. మొదటి వారం తర్వాత రోజుకి కనీసం ఆరుసార్లు మూత్రం పోస్తూ, రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకి చేరుకుంటే పాలు చాలుతున్నట్టే.

కంపెనీలకు ఈ సంగతి బాగా తెలుసు. 1960, 70ల్లో ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికా ప్రసూతి వార్డుల్లోకి నర్సుల్లాంటి తెల్ల బట్టలు వేసుకున్న సేల్స్ అమ్మాయిలు వచ్చేవారు. ఒక డబ్బా ఉచితంగా ఇచ్చి వెళ్లేవారు. అది అయిపోయేసరికి తల్లిపాలు తగ్గిపోయి ఉండేవి. ఇక కొనక తప్పదు. రోజుకూలీ ఇంట్లో ఒక డబ్బా నెలంతా రావాలంటే ఒక చెంచా పొడి వేయాల్సిన చోట అర చెంచా వేస్తారు. ఆ నీళ్లు చెరువువో, చేతిపంపువో. సీసాను ప్రతిసారీ మరిగించడానికి వంటచెరకు ఉండదు. విరేచనాలు, బక్కచిక్కడం, చావు.

1974లో బ్రిటన్‌లోని 'వార్ ఆన్ వాంట్' సంస్థ దీని మీద ఒక నివేదిక వేసింది. స్విట్జర్లాండ్‌లో ఒక బృందం దాన్ని ఇంకా ఘాటైన శీర్షికతో జర్మన్‌లోకి తెస్తే నెస్లే పరువు నష్టం దావా వేసింది. 1976లో కోర్టు ఆ బృందానికి స్వల్ప జరిమానా వేస్తూనే, ప్రచార పద్ధతులు మార్చుకోమని కంపెనీకి హితవు చెప్పింది. 1977లో అమెరికాలోని మినియాపోలిస్‌లో నెస్లే వస్తువుల బహిష్కరణ మొదలై చాలా దేశాలకు పాకింది. చివరకు 1981 మేలో జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సభ (ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాల వార్షిక సమావేశం) శిశు ఆహారాల మార్కెటింగ్‌పై అంతర్జాతీయ నియమావళిని ఆమోదించింది. ఇందిరా గాంధీ ప్రసంగించిన సభ అదే. అనుకూలంగా 118 ఓట్లు. వ్యతిరేకంగా ఒకే ఒక్కటి, అమెరికాది.

నియమావళి సలహా మాత్రమే, శిక్ష వేయదు. భారత్ 1983లో తన సొంత నియమావళి రాసుకుంది. అదీ కాగితం మీదే మిగిలింది. 1992 డిసెంబరులో పార్లమెంటు శిశు పాల ప్రత్యామ్నాయాలు, పాల సీసాలు, శిశు ఆహారాల చట్టం చేసింది. 1993 ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చింది. మార్కెట్లన్నీ తెరుస్తున్న రోజులవి. అలాంటి సమయంలో ఈ ఒక్క తలుపు గట్టిగా మూయడం చిన్న విషయం కాదు. పాలపొడికి, పాల సీసాకి ప్రకటనలు నిషేధం. ఉచిత నమూనాలు నిషేధం. ఆసుపత్రి గోడల మీద పోస్టర్లు కుదరవు. డాక్టర్లకు కానుకలు ఇవ్వకూడదు. డబ్బా మీద తల్లీబిడ్డల బొమ్మలు వేయకూడదు, తల్లిపాలతో సమానమన్న అర్థం వచ్చే మాటలు రాయకూడదు. మీరితే మూడేళ్ల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. గుర్తింపు పొందిన స్వచ్ఛంద సంస్థలు నేరుగా కోర్టుకి వెళ్లే వీలు కూడా ఈ చట్టంలో ఉంది.

2003లో సవరించినప్పుడు ఇంకో ముఖ్యమైన మార్పు జరిగింది. మొదటి చట్టం ప్రకారం నాలుగు నెలలు దాటిన బిడ్డకి ఉగ్గు పొడులు అమ్ముకోవచ్చు. 2001లో ప్రపంచ ఆరోగ్య సభ ఆరు నెలలూ తల్లిపాలే అని తేల్చాక, మన చట్టమూ ఆరు నెలలకు మారింది. ఆరు నెలల నుంచి రెండేళ్ల పిల్లల ఆహారాలకూ ప్రకటనలు ఆగిపోయాయి. కానీ రెండేళ్లు దాటిన పిల్లల పాలపొడుల మీద ఆ నిషేధం లేదు. అవే పేర్లు, అవే రంగులు పోలిన డబ్బాలు ఆ సందులోంచి కనబడుతూనే ఉన్నాయి. ఇప్పుడు ఫోన్‌లో తల్లుల వీడియోల రూపంలో కూడా వస్తున్నాయి. చట్టాన్ని నడిపించాల్సిన వాళ్లు ఇటు చూడాలి.

ఇంత చెప్పాక ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ చట్టం కట్టేసింది కంపెనీ చేతుల్నే. డబ్బా కొన్న తల్లి ఏ నేరమూ చేయలేదు. నిజంగా డబ్బా అవసరమైన వాళ్లున్నారు: కీమోథెరపీ తీసుకుంటున్న తల్లి, తల్లి లేని బిడ్డ, గెలాక్టోసీమియా (పాలలోని చక్కెరను ఒళ్లు అరిగించుకోలేని పుట్టుక జబ్బు) లాంటి వాటితో పుట్టి తల్లిపాలు ఒంటికి సరిపడని బిడ్డ. హెచ్‌ఐవీ కథ ఇంకా కష్టమైంది. పాల ద్వారా వైరస్ సోకవచ్చని 1985లో తెలిశాక, చాలా దేశాల్లో డబ్బాపాలు పంచారు. బోట్స్‌వానాలో 2006 మొదట్లో భారీ వర్షాల తర్వాత విరేచనాలు ప్రబలితే, చనిపోయిన పసిపిల్లల్లో ఎక్కువ మంది డబ్బాపాలు తాగుతున్నవాళ్లే. 2010 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ, తల్లి హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు వాడుతూ పాలివ్వవచ్చని చెబుతోంది. హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి కాబట్టి, ఆ రెండు సలహాల మధ్య మన తల్లులూ నలిగిపోయారు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం దేశంలో ఆరు నెలల లోపు పిల్లల్లో 63.7 శాతం మందికి తల్లిపాలే ఇస్తున్నారు. పుట్టిన గంటలోపు పాలు పట్టింది మాత్రం 41.8 శాతం మందికే. అదే సర్వేలో తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లు. మత్తులో ఉన్న తల్లి దగ్గరికి బిడ్డను తెచ్చి, ఎలా పట్టుకోవాలో చూపించే నర్సు లేకపోతే ఆ మొదటి గంట పోతుంది. అలా పోయిన గంటే మూడో రోజు "పాలు పడలేదు"గా తేలుతుంది.

తర్వాత ఉద్యోగం. 1961 ప్రసూతి చట్టం 12 వారాల సెలవు ఇచ్చింది. 2017 సవరణ మొదటి ఇద్దరు పిల్లలకు దాన్ని 26 వారాలు చేసింది, అంటే సరిగ్గా ఆరు నెలలు. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పసిపిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలంది. అమెరికాలో ఉన్న మన అమ్మాయిలకు దేశమంతటికీ వర్తించే ఇలాంటి జీతంతో కూడిన సెలవే లేదు. 2022 ఫిబ్రవరిలో మిషిగన్‌లో డబ్బాపాలు తయారుచేసే అబాట్ కంపెనీ ఫ్యాక్టరీ ఒకటి మూతపడితే, అక్కడి షాపుల్లో డబ్బాలు దొరక్క, ప్రభుత్వం విమానాల్లో ఐరోపా నుంచి తెప్పించాల్సి వచ్చింది. ఇక గుంటూరు మిర్చి కోతలకు, పాలమూరు నుంచి నగరంలో కట్టడం పనులకు వెళ్లే తల్లికి 26 వారాల లెక్క ఎవరు చూస్తారు? కూలి పోతే తిండి పోతుంది. ఆమె బిడ్డకి రెండో నెలలోనే సీసా పడితే, పాలివ్వమని గోడ మీద నినాదం రాసి ఏం లాభం?

హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలో 2017లో 'ధాత్రి' తల్లిపాల బ్యాంకు పెట్టారు. పాలు ఎక్కువైన తల్లులు ఇచ్చిన పాలను పాశ్చరైజ్ చేసి నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు ఇస్తారు. ముంబైలోని సయన్ ఆసుపత్రిలో డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్ 1989లోనే ఈ పని మొదలుపెట్టారు. మన జిల్లా ఆసుపత్రులకూ ఇలాంటివి రావాలి. అంతదాకా డబ్బా తప్పని ఇంట్లో పనికొచ్చే సంగతులివి: పొడి క్రిమిరహితం కాదు, కాబట్టి మరిగించి కాస్త చల్లారిన, ఇంకా బాగా వేడిగా ఉన్న నీళ్లలో, డబ్బా మీద రాసిన కొలత ప్రకారమే కలపాలి. బిడ్డకి పట్టేముందు గోరువెచ్చగా చల్లార్చాలి. సీసా కంటే గిన్నె, చెంచా శుభ్రం చేయడం తేలిక. కలిపిన పాలు రెండు గంటలు దాటితే పారబోయాలి.