అప్పుడప్పుడూ లొంగిపోవడం వల్ల జరిగేది

తన మాట నెగ్గనప్పుడల్లా తల్లి అన్నం మానేసి, గది తలుపు వేసుకుని, ఎవరితోనూ పలకకుండా ఉండిపోతోందనీ, చివరికి ఇంట్లోవాళ్లే దిగివచ్చి ఆమె చెప్పినట్టు చేయవలసి వస్తోందనీ రాసిన ఒక పాఠకుడు, ఇది నార్సిసిస్టిక్ పర్సనాలిటీ డిజార్డరేనా (తానే గొప్ప, అంతా తన చుట్టూనే తిరగాలన్న ధోరణి పాతుకుపోయిన వ్యక్తిత్వ రుగ్మత) అని అడిగారు. ఉత్తరం చూసి రోగనిర్ధారణ చేయడం ఎవరికీ సాధ్యం కాదు. అలగడం, సాధించడం ప్రతి ఇంట్లోనూ ఎంతో కొంత ఉంటాయి. వ్యక్తిత్వ రుగ్మత అనాలంటే ఆలోచనలోనూ, భావోద్వేగాల్లోనూ, మనుషులతో మెలిగే తీరులోనూ ఉన్న ఇబ్బంది ఏళ్ల తరబడి పాతుకుపోయి, ఇంటా బయటా ఆ మనిషి బతుకును దెబ్బతీస్తూ ఉండాలి. అమెరికన్ మానసిక వైద్యుల సంఘం 2013లో వెలువరించిన రోగనిర్ధారణ గ్రంథం డిఎస్ఎం-5 ఈ రుగ్మతలను 10 రకాలుగా విభజించింది. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసిడి-11 ఆ రకాలను చాలావరకు వదిలి, తీవ్రతకే ప్రాధాన్యమిచ్చింది. ఆ 10 పేర్లనూ విద్యార్థుల చేత బట్టీ పట్టించడంతోనే పాఠం ముగిసిందనుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. ఇంట్లోవాళ్లకు అంతకన్నా అవసరమైనది, అటువంటి ప్రవర్తన అన్నేళ్లపాటు ఎలా నిలబడుతుందన్న ప్రశ్న.

దానికి జవాబు ఒక శనివారం మధ్యాహ్నం గుళికల కొరతలో దొరికింది. మీట నొక్కిన ఎలుకకు ఆహారపు గుళిక ఇచ్చి ప్రయోగాలు చేస్తున్న అమెరికన్ మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్, ఆ గుళికలను తానే తయారు చేసుకునేవారు. ఉన్నవి సోమవారానికల్లా అయిపోతాయని తేలడంతో, నొక్కిన ప్రతిసారీ ఇవ్వడం మాని నిమిషానికి ఒక్కటి చొప్పున ఇచ్చి చూశారు. ఎలుకలు నొక్కుతూనే ఉన్నాయి. ఆ తరువాత ఫెర్‌స్టర్‌తో కలిసి 1957లో ప్రచురించిన బృహద్గ్రంథంలో, ఎన్నోసారికి ఫలితం వస్తుందో తెలియని ఏర్పాటులో పావురాలు ఎంత వేగంగా, ఎంత ఆగకుండా ముక్కుతో పొడుస్తూ ఉంటాయో చూపించారు. గాలం వేసి గట్టున కూర్చున్నవాడు చేప పడక పూట గడిచినా లేవడు, ఎందుకంటే నిన్న ఇంతకన్నా ఆలస్యంగానే పడింది. ప్రతిసారీ ఫలితం దక్కినవాడికి అది ఆగిపోయిన సంగతి వెంటనే తెలిసిపోతుంది. అప్పుడప్పుడే దక్కినవాడికి మాత్రం దక్కకపోవడం కూడా ఇంకాసేపు పట్టుబట్టమన్న సూచనే అవుతుంది. మెదడులోనూ దీని జాడ ఉంది. కోతులలో డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే నాడీకణాలను పరిశీలించిన ఫియొరిల్లో, టోబ్లర్, షుల్ట్జ్ 2003లో ప్రకటించిన దాని ప్రకారం, ఫలితం వస్తుందా రాదా అన్నది సరిగ్గా సగం సగంగా ఉన్నప్పుడే ఎదురుచూపు వేళ ఆ కణాల స్పందన అత్యధికంగా పెరుగుతూ పోయింది.

ఇప్పుడు ఆ గది తలుపు దగ్గరకు వద్దాం. మొదట్లో ఒక పూట తినకపోతే కొడుకు దిగివచ్చాడు. మరోసారి గట్టిగా నిలబడాలనుకుని రాత్రి దాకా ఓర్చి, చుట్టాలకు తెలుస్తుందన్న భయంతో లొంగాడు. ఆపై ఓర్పు రెండు రోజులకు చేరింది, లొంగుబాటు మాత్రం తప్పలేదు. తాను క్రమంగా గట్టిపడుతున్నానని కొడుకు అనుకుంటాడు. నిజానికి రెండు రోజులు పస్తుంటే గానీ పని జరగదని తల్లికి నేర్పింది అతడే. అతడికీ ఇందులో ప్రతిఫలం ఉంది: సరేనన్న క్షణాన తలుపు తెరుచుకుంటుంది, గుండె మీది బరువు దిగుతుంది, ఆ ఉపశమనమే మళ్లీ సరేననడం నేర్పుతుంది. ఇలా ఇద్దరూ ఒకరినొకరు తర్ఫీదు చేసుకునే వలయాన్ని ఒరెగాన్‌లో మనస్తత్వవేత్త జెరాల్డ్ ప్యాటర్సన్ కుటుంబాలను వాళ్ల ఇళ్లలోనే గమనించి వివరించారు. ఇది తిరగడానికి ఎవరి మనసులోనూ పన్నాగం ఉండనక్కరలేదు.

1959లో సి.డి. విలియమ్స్ ప్రచురించిన ఒక చిన్న నివేదికను నేను ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యం తగ్గదు. 21 నెలల పిల్లవాడు చాలాకాలం జబ్బుపడి లేచాడు. నిద్రపోయేదాకా పెద్దవాళ్లు పక్కనే ఉండకపోతే ఏడ్చేవాడు. గదిలోంచి బయటికి వచ్చాక తిరిగి వెళ్లకూడదని నిర్ణయించుకున్న మొదటిసారి 45 నిమిషాలు ఏడ్చాడు. పదోసారికి, వెళ్లిపోతున్న తల్లిదండ్రులను చూసి నవ్వాడు. సుమారు వారం తరువాత, పడుకోబెట్టిన బంధువురాలు ఏడుపు విని మనసు కరిగి తిరిగి వెళ్లి పక్కన కూర్చుంది. ఏడుపు మళ్లీ మొదలైంది, శ్రమంతా మొదటి నుంచి పడవలసి వచ్చింది. ఉమ్మడి కుటుంబాల్లో ఒకరు నిలబడితే మరొకరు కరిగిపోవడం ఎంత మామూలో తలచుకుంటే, ఈ ప్రవర్తనలు మన ఇళ్లలో అంత మొండిగా ఎందుకుంటాయో తెలుస్తుంది.

అయితే పసివాడి ఏడుపు విషయంలో చేసినది, చచ్చిపోతానన్న మనిషి విషయంలో ఎంతమాత్రం చేయకూడదు. భావోద్వేగాలు, అనుబంధాలు నిలకడ లేక ఊగిసలాడే బోర్డర్‌లైన్ వ్యక్తిత్వ రుగ్మతకు డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ అనే చికిత్సను రూపొందించిన మార్షా లినెహాన్ చెప్పినది ఇక్కడ చాలా ముఖ్యం. పుట్టుకతోనే భావోద్వేగ తీవ్రత ఎక్కువగా ఉన్న బిడ్డ, మామూలుగా చెప్పుకున్న బాధను కొట్టిపారేసి, విపరీతానికి పోయినప్పుడు మాత్రమే అప్పుడప్పుడూ పట్టించుకునే ఇంట్లో పెరిగితే, విపరీతమే ఆ బిడ్డకు తెలిసిన భాష అవుతుంది. మనం ఇరుకున పడ్డామన్నంత మాత్రాన ఎదుటివారు మనల్ని ఇరికించాలనే చేశారని తీర్మానించడాన్ని ఆమె గట్టిగా వ్యతిరేకించారు. అందువల్ల చనిపోతానన్న ప్రతి మాటనూ నిజంగానే తీసుకోవాలి, ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లాలి. 14416 నంబరులో ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ తెలుగులోనూ సలహా ఇస్తుంది. ఆ మాటకు దారితీసిన తగాదాను, పొలం అమ్మాలా వద్దా అన్నలాంటిదాన్ని, మాత్రం ఆ రాత్రే తేల్చనక్కరలేదు. కొట్టడం, బెదిరించడం ఉన్న ఇంట్లో ఇలా ఓర్చి నిలబడే మెలకువలు సరిపోవు, 2005 నాటి గృహహింస చట్టం స్త్రీలకు మానసిక, ఆర్థిక హింసల నుంచి కూడా రక్షణ కల్పిస్తోంది.

గాలి సోకిందని తాయెత్తు కట్టించడం, పెళ్లి చేస్తే అదే కుదురుకుంటుందనడం వల్ల వ్యక్తిత్వ రుగ్మత ఉన్నవాళ్లకు విలువైన ఏళ్లు నష్టమవుతున్నాయి. బోర్డర్‌లైన్ రుగ్మతతో ఆసుపత్రిలో చేరిన 290 మందిని అమెరికాలో మేరీ జనరీని బృందం పదేళ్లు వెన్నంటి చూస్తే, 93 శాతం మందిలో కనీసం రెండేళ్లపాటు రోగలక్షణాలు ఉపశమించాయి. లినెహాన్ చికిత్సలోని ఒక నియమం ఈ వ్యాసమంతటికీ ఆచరణ రూపం: తనను తాను గాయపరచుకోవాలనిపించినప్పుడు, ఆ పని చేయకముందే రోగి చికిత్సకుడికి ఫోన్ చేయవచ్చు, చేయమని ప్రోత్సహిస్తారు కూడా, చేసిన తరువాత మాత్రం, ప్రాణాపాయం లేదని నిర్ధారించుకున్నాక, 24 గంటలపాటు అదనపు ఫోన్ సంభాషణ ఉండదు, ముందే అనుకున్న సమావేశాలు యథాతథంగా సాగుతాయి.